పార మా చేతికివ్వండి

మా ఊరు సెయింట్ ఓమర్‌లో ‘కరకట్ట’ నవల చదవనివాడు లేడని అందరూ చెప్పుకుంటారు. చివరిదాకా చదివినవాళ్ళని మాత్రం నేను ఇద్దరినే చూశాను. ఒకరు ఒటీలీ ట్రాహాన్. రెండోవాణ్ణి నేను. నేనైనా ఉద్యోగం కోసం చదివాను.

దేశంలో రాజకీయం మీద వచ్చిన నవలల గురించి ఎవరు మాట్లాడినా దీని పేరు రాక మానదు. రాసిన ఎల్బర్ట్ స్టిడమ్ కొన్నేళ్ళు మా కాలేజీలోనే పాఠాలు చెప్పాడు. ఉన్నన్నాళ్ళూ ఆయన్ని పలకరించిన దిక్కు లేదు. ఇప్పుడు గేటు దగ్గర ఆయన కంచు బొమ్మ ఉంది, దాని మెళ్ళో పండగలకి పూసల దండలు వేస్తారు.

కథ మా నది గురించే. ఒక ఏడు వరద ముంచుకొస్తుంది. దిగువనున్న నగరం మునగకుండా ఉండాలంటే ఎగువన ఎక్కడో ఒకచోట కరకట్ట తెగ్గొట్టి నీళ్ళు పొలాల మీదికి వదలాలి. ఆ పొలాలు మా ఊరివి. కరకట్టల బోర్డు అధ్యక్షుడు గిడియన్ పైక్ వచ్చి, మునిగిపోబోయే ఆ జనం ముందే నిలబడి ఉపన్యాసం చెబుతాడు. సైన్యాన్ని పిలవడు, తుపాకీ చూపించడు. ఉపన్యాసం అయ్యేసరికి జనం తమంతట తామే పారలందుకుని తమ కట్టని తామే తవ్వుతారు. ఆ పేరు చెప్పుకుని పైక్ గవర్నరవుతాడు. ఇది సగం నవల.

మిగతా సగంతో మా ఊరికి పనిలేదు. ఏటా వసంతంలో, నది పొంగే రోజుల్లో, సంతమైదానం హాల్లో కరకట్ట విందు జరుగుతుంది. అట్టముక్కలతో కట్ట కడతారు. ఊళ్ళో ఎవరో ఒక పెద్దమనిషి, షెరీఫో, ఇన్సూరెన్సు ఏజెంటో, తెల్ల సూటు వేసుకుని పైక్ ఉపన్యాసం అప్పజెబుతాడు. చివర్లో ఆయన “ఈ పని ఎవరు చెయ్యాలి? ముక్కూ మొహం తెలియనివాళ్ళా, మనమా?” అని అడుగుతాడు. జనంలోంచి నల్లబట్టల వితంతువు ఒకావిడ లేచి “పార మా చేతికివ్వండి!” అంటుంది. హాలు హాలంతా లేచి అదే మాట అరుస్తుంది. పిల్లలు రేకు పారలు ఊపుతారు. ఈలోగా మాంసం వేసి వండిన జంబలాయా అన్నం చల్లారిపోతోందని వంటవాళ్ళు కేకేస్తారు, అందరూ పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడతారు. కథ అక్కడ ఆగిపోతుంది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఆగింది.

నేను టెన్నెసీ కొండలవాణ్ణి. కరకట్ట అంటే ఏమిటో ఇక్కడ వ్యాకరణం చెప్పే ఉద్యోగంలో చేరాకే చూశాను. మొదటి ఏడు ఆ విందుకి వెళ్ళి, అందరూ లేస్తే నేనొక్కణ్ణే కూర్చుని ఉండిపోయాను. నవలలో పేర్లు మారాయి గానీ వరద మారలేదు. అది ఈ ఊళ్ళో నిజంగా వచ్చిన వరద, ఆ తవ్వినవాళ్ళు వీళ్ళ తాతలు. తాతల్ని ముంచిన మాటలకి మనవలు చప్పట్లు కొట్టి భోజనానికి లేవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ మాట పక్కనున్న ఒటీలీతో అన్నాను. ఆవిడ నవ్వి, “మెల్లిగా, లెస్టర్. నిన్నూ నదిలో కలిపేస్తారు” అంది.

ఒటీలీ తాత తవ్వినవాళ్ళలో ఒకడు. ఆయన శవం దొరకలేదు. వాళ్ళ నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట అనేదట: “మీ తాత తెలివితక్కువవాడు కాదు. మరి ఆ పార ఎలా పట్టుకున్నాడో నాకు అర్థం కాదు.” ఆ ముసలావిడకి అర్థం కానిదాన్ని అర్థం చేసుకోడానికే ఒటీలీ చదువుకుంది. చదివి, తిరిగొచ్చి, మా కాలేజీలో సాహిత్యం చెబుతూ తన జీవితమంతా ఆ ఉపన్యాసానికి ధారపోసింది. పెళ్ళి చేసుకోలేదు. నవల గురించి ఎవరైనా తప్పుగా రాస్తే పెళ్ళాన్ని ఎవరైనా ఏమన్నా అంటే మొగుడికి కూడా రానంత కోపం వచ్చేది ఆవిడకి.

ఆవిడ పని ఇదీ: స్టిడమ్ ఆ ఉపన్యాసాన్ని ఏయే పాత పుస్తకాల్లోంచి, ఏయే గొంతుల్లోంచి తెచ్చి కుట్టాడో పట్టుకోవడం. కొత్త పిల్లలకి మొదటి రోజే బోర్డు మీద నాలుగు మెట్లు గీసేది.

“మొదటి మెట్టు పొగడ్త. ఇది పాత రోము చరిత్రల్లోది. యుద్ధానికి ముందు సేనాపతి సైనికుల్ని పొగుడుతాడే, అది. రెండోది ఏడుపు. ఇది రాజుల నాటకాల్లోంచి వచ్చింది. పీక కొయ్యబోయేవాడు ముందు తనే కళ్ళు తుడుచుకుంటాడు. నాలుగోది ప్రశ్న. ఇది కోర్టు బోను దగ్గరిది, ఒకే జవాబు ఉండేలా అడిగే ప్రశ్న. మరి మూడోది?”

పిల్లలు దిక్కులు చూసేవాళ్ళు.

“మూడోది మౌనం. మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ఊరుకుంటాడు. ఎందుకు ఊరుకుంటాడో, ఎంతసేపు ఊరుకుంటాడో, దాన్ని స్టిడమ్ ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పినవాళ్ళకి నా చేతి గంబో పులుసు పెడతాను.”

ఉత్తరాదిలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆ మౌనం గ్రీకు నాటకాల్లోంచి వచ్చిందని లావుపాటి పుస్తకం రాశాడు. ఒటీలీ అది ఒప్పుకోదు. స్టిడమ్ తండ్రి ఊరూరా గుడారం వేసి ప్రార్థనలు చేయించిన పాస్టరు, ఆ మౌనం ఆ గుడారంలోదే అంటుంది. ఇద్దరూ పత్రికల్లో ఏళ్ళ తరబడి ఒకరినొకరు మర్యాదగా తిట్టుకున్నారు. ఆయన మాటకి బరువుంది, ఈవిడ మాటకి రుజువు లేదు.

రుజువు తెచ్చినవాడు క్లోవిస్ బాబినో. వంతెన పక్కన చేపల ఎరలమ్మే బాబినో కొడుకు. వెనక బెంచీలో కూర్చునేవాడు, చొక్కాకి ఎరల వాసన. వాడు ఒక ఎండాకాలమంతా గుడారం ప్రార్థనలకి తిరిగి వచ్చి, క్లాసులో లేచి నిలబడి చెప్పాడు:

“మిస్ ఒటీలీ, పాస్టరు ఊరుకున్నాక ఎంతసేపు ఆగుతాడో కనిపెట్టానండి. పసిపిల్ల ఏడ్చేదాకా ఆగుతాడు. అంతమంది జనంలో ఒక పసిపిల్ల ఉండకపోదు. అందరూ బిగబట్టుకుని కూర్చున్నారు కదా, పిల్ల ఏడవగానే ఊపిరి వదుల్తారు. అప్పుడు అడుగుతాడు. అప్పుడేం అడిగినా సరేనంటారు.”

ఒటీలీ పుస్తకం తిరగేసింది. పైక్ ఊరుకున్నాక, ప్రశ్న అడగడానికి సరిగ్గా ముందు వాక్యంలో, గట్టు మీద ఎవరి చంకలోనో పిల్ల ఏడుస్తుంది. అందరూ చదివిన వాక్యమే. ఎవరూ ఆగి చూడని వాక్యం. ఆవిడ కుర్చీలో కూలబడింది. ఆ రోజు స్టాఫ్ రూమ్‌కి వచ్చి, ఇంటికి వెళ్ళేదాకా ఆ పిల్లవాడి పేరే జపించింది. గంబో పెట్టింది, ఉపకారవేతనం ఇప్పించింది, లా కాలేజీకి సిఫార్సు చేసింది.

“చూడు లెస్టర్, ఈ మాటలు ఎలా తయారవుతాయో తెలిసినవాణ్ణి ఇంక ఎవడూ మోసం చెయ్యలేడు” అంది నాతో.

“వాడు ఇంకొకణ్ణి మోసం చెయ్యడా?” అన్నాను.

“ఛ. లోపల ఏముందో చూసినవాడికి అసహ్యం పుట్టదూ!”

లోపల ఏముందో చూసినవాళ్ళు ఎక్కువమంది అందులోనే వ్యాపారం పెట్టుకుంటారని నా అభిప్రాయం. కానీ ఆవిడ మొహంలో ఆ సంతోషం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

క్లోవిస్ వకీలయ్యాడు, తర్వాత రాష్ట్ర సెనేటరయ్యాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఒటీలీకి కార్డు పంపేవాడు. ఆవిడ వాటిని గది తలుపుకి అంటించుకునేది.

ఒక ఏడు రాజధానిలో కాలేజీలకిచ్చే డబ్బు మీద కోత పడింది. మా కాలేజీలో సాహిత్య విభాగం ఎత్తేస్తారని మాట పుట్టింది. అంటే ఒటీలీ క్లాసు, ఆవిడ నాలుగు మెట్లు, నేను, పాత మేడ మీద మా మూడు గదులు, అన్నీ పోతాయి. తేల్చేది సెనేటు విద్యా కమిటీ. దానికి అధ్యక్షుడు క్లోవిస్ బాబినో.

ఆ కబురు తెచ్చింది మర్టిస్ లెడే. మా కాలేజీ లైబ్రేరియన్, ఒటీలీకి చిన్నప్పటి స్నేహితురాలు. కరకట్ట విందులో వితంతువు వేషం ఆవిడదే. పెళ్ళయిన కొత్తలో కట్టింది. ఇప్పుడు మొగుడు నిజంగానే పోయాడు, వేషం మాత్రం ఇంకొకరికి వదల్లేదు.

“మన క్లోవిసే కదే అధ్యక్షుడు!” అంది ఒటీలీ, కాఫీ కప్పు కింద పెట్టి. “ఇంక భయమేంటి?”

“నువ్వు ఫోన్ చెయ్యి ముందు. ఆ తర్వాత ధైర్యంగా ఉందువు గాని” అంది మర్టిస్.

ఫోన్ చేసింది. అవతల క్లోవిస్ గొంతు మాకు కూడా వినబడేంత పెద్దగా, ప్రేమగా వచ్చింది.

“మిస్ ఒటీలీ! మీ గొంతు విని ఎన్నాళ్ళయిందండీ! మీరేం బెంగపెట్టుకోకండి. రాజధానిలో నాలుగ్గోడల మధ్య తేల్చేస్తామంటే నేనొప్పుకోలేదు. మా ఊరి సంగతి మా ఊళ్ళోనే తేలాలన్నాను. విందు రోజు సంతమైదానం హాల్లోనే సభ పెడతాను. ఊరంతా వస్తారు. మీ వాళ్ళనందర్నీ తెచ్చుకోండి.”

ఆవిడ ఫోన్ పెట్టేసి, గెలిచినట్టు మా ఇద్దరి వంకా చూసింది.

“విందు రోజే ఎందుకు?” అన్నాను.

“జనం వస్తారని. నీకు ప్రతిదాంట్లోనూ పామే కనబడుతుంది, లెస్టర్.”

“ఈ ఊళ్ళో పాములు తక్కువేం కాదు కదండీ. మరి నాటకం?”

“ఈ ఏడు నాటకం లేదట. సభ, భోజనం, అంతే” అంది మర్టిస్. మొహం కొంచెం చిన్నబోయింది. “నా నల్లబట్టలు ఇస్త్రీ కూడా చేయించుకున్నాను. పోనీలే, సభలో నేను మాట్లాడతాను. ఈ ఊళ్ళో ఎవరి పిల్లలకి ఒటీలీ చదువు చెప్పలేదో చేతులెత్తమంటాను. ఒక్క చెయ్యి లేస్తే నన్నడుగు.”

ఆ వారమంతా మర్టిస్ చెప్పాల్సిన మాటలు లైబ్రరీ అలమరాల మధ్య పైకి వల్లె వేసుకుంటూ తిరిగింది. నాకు వినిపించింది కూడా. బాగున్నాయి. ఎక్కడా ఏడుపు లేదు, పొగడ్త లేదు. ఈ ఊళ్ళో బాగా మాట్లాడగలిగినవాళ్ళు ఎవరూ ఎప్పుడూ మాట్లాడకపోవడమే మా ఖర్మ అనుకున్నాను.

సభ రోజు హాలు కిటకిటలాడింది. బయట పెద్ద మూకుళ్ళలో జంబలాయా ఉడుకుతోంది, సాసేజీ వాసన లోపలికి కొడుతోంది. నాటకం లేకపోయినా అట్టముక్కల కట్ట ఎవరో అలవాటుగా కట్టేశారు. సెనేటర్ల బల్ల సరిగ్గా దాని ముందు వేశారు. కమిటీ సభ్యులు ఇద్దరు ముగ్గురు గడియారాలు చూసుకుంటూ కూర్చున్నారు. ఒటీలీ ముందు వరసలో, పక్కన నేను, నా పక్కన మర్టిస్. మర్టిస్ నల్లబట్టల్లోనే వచ్చింది.

“ఇస్త్రీ చేయించాను కదా, వృథా ఎందుకని” అంది నేను చూస్తుంటే.

క్లోవిస్ తెల్ల సూటేం వేసుకోలేదు. మామూలు చొక్కా, చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. మైకు పక్కకి జరిపి, బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

“నేను మీకు కొత్తవాణ్ణి కాదు. వంతెన పక్కన ఎరలమ్మిన బాబినో కొడుకుని. మా నాన్న దగ్గర వానపాములు అప్పు తీసుకెళ్ళి ఇవ్వనివాళ్ళు కూడా ఇక్కడున్నారు, పేర్లు చెప్పన్లెండి.” హాలు గొల్లుమంది. “రాజధానిలో వాళ్ళకి మీరెవరో తెలీదు. తుఫానులో తన ఇంటి కప్పు లేచిపోయినా ముందు పక్కింటి కప్పు మీద పట్టా కప్పిన మనుషులు మీరు. ఇంకొకరి ముందు చెయ్యి చాపే జనం కాదు. ఇలాంటి జనం ఈ నది పొడుగునా ఇంకెక్కడా లేరు.”

ఒటీలీ తల కొంచెం వంచింది. పెదాలు కదిలాయి. “మొదటిది” అంది నాకు మాత్రమే వినబడేలా. ఇంకా నవ్వుతూనే ఉంది. పాత పాఠం గుర్తు చేస్తున్నాడనుకుంది.

“నాకు రాత్రి నిద్ర పట్టలేదు” అన్నాడు క్లోవిస్. గొంతు దిగింది. “ముందు వరసలో ఒక తల్లి కూర్చుంది చూశారా? ఎరల కంపు కొట్టే పిల్లాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని చదవడం నేర్పింది. ఆవిడ ముందు నిలబడి ఈ మాట చెప్పే బదులు నా నాలుక నేను కోసుకుంటే నయం.” కళ్ళు తుడుచుకున్నాడు. నిజం కన్నీళ్ళే. అందుకే నాకు భయం వేసింది.

ఒటీలీ నా వైపు తిరిగింది. నవ్వు పోయింది.

“నీళ్ళు వస్తున్నాయి. ఆపడం నా వల్ల కాదు. కాలేజీ మొత్తం మూసేస్తామంటున్నారు. ఒక్క గట్టు వదులుకుంటే మిగతాది నిలబడుతుంది. మీ అమ్మాయిల నర్సింగు నిలబడుతుంది. మీ అబ్బాయిల వెల్డింగు నిలబడుతుంది. వదులుకోవాల్సింది సాహిత్య విభాగం ఒక్కటే. రాజధాని నించే ఎవరో ఒకరిని పంపి తాళాలేయిస్తామన్నారు. నేనొద్దన్నాను. మా ఊరి తలుపు బయటివాడు మూస్తే మా ముత్తాతలు ఒప్పుకోరన్నాను.”

ఆగాడు.

చేతులు రెండూ కిందికి వదిలేసి, నేల వంక చూస్తూ నిలబడ్డాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. బయట మూకుట్లో గరిట తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా పక్కన మర్టిస్ ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాననుకుంటాను. ఎంతసేపని! ఎవరైనా దగ్గితే బాగుండుననిపించింది.

ఒటీలీ లేచి నిలబడింది.

“చాలు, క్లోవిస్!” అంది. “ఇది మూడో మెట్టు. అందరూ వినండి. ఇతను చెబుతున్నది తన మాట కాదు, పైక్ మాట. మిమ్మల్ని పొగిడాడు, ఏడ్చాడు, ఊరుకున్నాడు. ఇప్పుడొక ప్రశ్న అడుగుతాడు. దానికి జవాబు చెప్పకండి. దయచేసి చెప్పకండి.”

ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. చెప్పేసింది, ఇంక అయిపోయింది అనుకున్నాను. వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా చప్పట్లు. నాటకం లేదన్నారు గానీ ఉందన్నమాట, మాకు చెప్పకుండా దాచారన్నమాట, అనుకున్నారు కాబోలు. బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలారు. మొహాలు వెలిగిపోయాయి.

“చూశారా!” అన్నాడు క్లోవిస్, కళ్ళలో నీళ్ళతోనే నవ్వుతూ. “మా టీచరు నన్ను ఈనాటికీ వదల్లేదు. ఆవిడ కోసం ఇంకోసారి చప్పట్లు!”

కొట్టారు. ఒటీలీ ఆ చప్పట్లలో అటూ ఇటూ చూస్తూ నిలబడింది. ఏదో అంది, వినబడలేదు. చప్పట్లు ఆగీ ఆగకముందే క్లోవిస్ ఒక అడుగు ముందుకేశాడు. గొంతు పెంచలేదు.

“మరి చెప్పండి. ఈ పని ఎవరు చెయ్యాలి? ముక్కూ మొహం తెలియనివాళ్ళా, మనమా?”

నా పక్క కుర్చీ కిర్రుమంది. మర్టిస్ లేచింది. ఏటా లేచినట్టే, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, గడ్డం పైకెత్తి లేచింది. ఏటా అన్నట్టే, ఆ పాత కంచు గొంతుతో, “పార మా చేతికివ్వండి!” అంది.

హాలు హాలంతా లేచి అరిచింది. ఒటీలీ దగ్గర చదువుకున్నవాళ్ళు అరిచారు, వాళ్ళ పిల్లలు అరిచారు. మా విభాగంలోనే పనిచేసే గుమాస్తా అరిచింది. కొందరు అరుస్తూ నవ్వారు, కొందరు అరుస్తూ ఏడ్చారు. నాకా అలవాటు లేదు కాబట్టి కూర్చుని ఉన్నాను. నేను కూర్చున్నా నిలబడ్డా పట్టించుకునే నాథుడు లేడు.

“ఊరి అభిప్రాయం రాసుకోండి” అన్నాడు క్లోవిస్, కమిటీ వాళ్ళ వైపు తిరిగి. వాళ్ళు రాసుకున్నారు.

“జంబలాయా చల్లారిపోతోంది!” అని బయటి నుంచి కేక వినబడింది.

జనం పళ్ళేల కోసం కదిలారు. మర్టిస్ ఇంకా నిలబడే ఉంది, చెయ్యి ఇంకా గుండె మీదే ఉంది. మెల్లిగా ఆ చెయ్యి దించి, అదెవరిదో అన్నట్టు చూసుకుంది. తర్వాత ఒటీలీ వైపు తిరిగింది. అలాంటి మొహం నేను మళ్ళీ చూడకూడదు.

“ఒటీలీ, నేను లేవలేదే. నా కాళ్ళే లేచాయి. నేను... నీ గురించి చెప్దామనే వచ్చానే...”

“తెలుసులేవే” అంది ఒటీలీ. మర్టిస్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి నిమురుతూ, మర్టిస్‌తోనో, నాతోనో, ఇంకెవరితోనో అన్నట్టు, “మా తాతకీ ఇంతే అయ్యుంటుంది” అంది. “పాపం మా నాయనమ్మ. అడుగుతూనే చచ్చిపోయింది.”

అన్నేళ్ళ చదువుకి జవాబు దొరికిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూశాను. దొరక్కపోతేనే బాగుండేది.

క్లోవిస్ వచ్చాడు. ఒక చేతిలో జంబలాయా పళ్ళెం, ఇంకో చేతిలో టీ గ్లాసు. ఒటీలీ కోసమే తెచ్చాడు. పళ్ళెం ఆవిడ ఒళ్ళో పెట్టబోయి, ఆవిడ చెయ్యి చాపకపోతే పక్క కుర్చీ మీద పెట్టి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు. క్లాసులో ఆవిడ బల్ల పక్కన అలాగే కూర్చునేవాడు.

“నన్ను తిట్టుకుంటున్నారు కదా మిస్ ఒటీలీ? మీ పెన్షన్ గురించి నేను చూసుకుంటాను. పాత మేడకి మీ పేరు పెట్టిస్తాను.”

“ఆ మేడలో ఏం ఉంటుందిరా?” అన్నాన్నేను.

“వెల్డింగు వర్క్‌షాపు, లెస్టర్ సార్.” వాడికి సిగ్గేం లేదు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “ఒక్కటి చెప్పండి. ఎలా చేశాను?”

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

“మార్కులండీ. మీరు తప్ప ఇంకెవరు చెప్పగలరు? వీళ్ళు చప్పట్లు కొట్టేస్తారు, వీళ్ళకేం తెలుసు! మౌనం దగ్గర నాకు భయం వేసింది. పొద్దున్నుంచీ చూస్తున్నాను, హాల్లో ఒక్క పసిపిల్ల లేదు. అందర్నీ వెనక గదిలో ఆయా దగ్గర వదిలేశారు. ఏం చెయ్యాలా అనుకున్నాను. అప్పుడు ముందు వరసలో మీరు కనబడ్డారు.” నవ్వాడు, ప్రేమగానే నవ్వాడు. “మీరు లేస్తారని తెలుసు. మీరు లేచేదాకా ఆగాను.”

వాణ్ణి అక్కడే కొట్టాలనిపించింది. కొట్టలేదు. నేను వ్యాకరణం మేష్టర్ని. ఒటీలీ మాత్రం వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఎవరికీ దొంగ మార్కులు వెయ్యలేదు. ఎక్కువ వెయ్యలేదు, తక్కువా వెయ్యలేదు.

“తప్పు లేదు” అంది. “ఎక్కడా తప్పు లేదు, క్లోవిస్.”

వాడి మొహం పిల్లాడి మొహంలా విప్పారింది. లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

“క్లోవిస్” అని పిలిచింది ఆవిడ. “ఆ నవల చివరిదాకా చదివావా?”

వాడు బుర్ర గోక్కున్నాడు. “నిజం చెప్పమంటారా? నా వ్యాసం ఉపన్యాసం మీదే కదండీ, అక్కడిదాకానే చదివాను. తర్వాత చదవాలనే అనుకున్నాను, లా కాలేజీ వచ్చిపడింది.” వరసలో ఎవరో పిలిస్తే అటు చెయ్యి ఊపి, మళ్ళీ ఇటు చూశాడు. “ఎందుకండీ? చివర్లో ఏమవుతుంది?”

ఒటీలీ పళ్ళెం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అన్నంలో చెంచా పెట్టి కలిపింది, తినలేదు.

“ఏమవుతుందిరా” అంది. “నీళ్ళొస్తాయి.”